పంతొమ్మిది పాత సిస్టమ్స్, ఒక వరండా, బోలెడు ఓటీపీలు: ఏజెన్సీ కాలేజీ ల్యాబ్ డైరీ

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ అంటే సొంత ప్రాంగణం ఉన్న రెండేళ్ల కాలేజీ. మన దగ్గర యూజీసీ 12వ పంచవర్ష ప్రణాళికలో తెచ్చిన కమ్యూనిటీ కాలేజీ పథకం తీరు వేరు. అప్పటికే ఉన్న డిగ్రీ కాలేజీలో ఒకటి రెండు గదులిస్తారు. అందులో ఆ ప్రాంతంలో పనికొచ్చే సర్టిఫికెట్ కోర్సో డిప్లొమానో నడుస్తుంది. ఈ డైరీ ఆదిలాబాద్ ఏజెన్సీలో అలాంటి ఒక గదిది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది గోండు, కొలాం, ప్రధాన్, లంబాడా, ఎస్సీ కుటుంబాల పిల్లలు. సగానికి పైగా అమ్మాయిలే.

2017-18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం పల్లెల్లో కంప్యూటర్ ఉన్న ఇళ్లు 4.4 శాతం, పట్టణాల్లో 23.4 శాతం. ఆ తర్వాత ఫోన్లు బాగా పెరిగాయి కానీ మౌస్ పట్టిన చేతులు అంతగా పెరగలేదు. ల్యాబ్‌లో సిస్టమ్స్ ఎన్ని వెలిగాయన్నది మేం లెక్క పెట్టట్లేదు. వచ్చిన పిల్ల వచ్చిన పని ముగించుకుని వెళ్లిందా లేదా అన్నదే ఇక్కడ రాసుకుంటున్నాం.

1వ రోజు: సరుకు

ఒక ఆఫీసు పక్కన పెట్టేసిన డెస్క్‌టాప్‌లు 26 వచ్చాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం ప్రాసెసర్ ఉండాలి. అందుకే బాగా నడిచే సిస్టమ్స్ కూడా బయటికొస్తున్నాయి. మీ ఊళ్లోనూ వస్తాయి, అడిగి చూడండి.

విడదీస్తే లెక్క ఇది: 4వ తరం ఐ3, ఐ5లు 11, 2వ తరం ఐ3లు 9, కోర్ 2 డ్యుయోలు 6.

కోర్ 2 డ్యుయోలను వాడకూడదని మొదటి రోజే అనుకున్నాం. వాటికి డీడీఆర్2 ర్యామ్ కావాలి. ఏ పనీ లేకుండా ఊరికే వెలుగుతున్నా 70 వాట్ల దాకా లాగుతాయి. ఈ రోజుల్లో ఒక ప్రభుత్వ పోర్టల్ పేజీ తెరవడానికి ఆపసోపాలు పడతాయి. దానంగా వచ్చింది కదా అని వాడితే, ఆ సిస్టమ్ ముందు కూర్చున్న పిల్లకి కంప్యూటర్ అంటేనే నిదానమని నాటుకుపోతుంది. ఆ ఆరింటినీ విప్పి బిగించే ప్రాక్టీసుకు పెట్టాం. కేబుళ్లు, స్క్రూలు, డీవీడీ డ్రైవులు వాటినుంచే తీసుకుంటున్నాం.

దేన్నీ ఇంకా కరెంటుకు పెట్టలేదు. ముందు మూత తీసి, ఆరుబయట బ్లోయర్‌తో దుమ్ము కొట్టాం. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. వదిలేస్తే గాలి వేగానికి గిర్రున తిరిగి బేరింగ్ పోతుంది. ఇది పత్తి ప్రాంతం. మామూలు దుమ్ముకు తోడు సన్నటి పత్తి నూగు హీట్‌సింక్ సందుల్లో నెమరువేసిన ముద్దలా అట్టకట్టింది. బ్లోయర్‌కు కదల్లేదు. పాత టూత్‌బ్రష్‌తో గీకాల్సి వచ్చింది.

దుమ్ము పోయాక బోర్డు మీద చిన్న గొట్టాల్లా నిలబడి ఉండే కెపాసిటర్లు చూడాలి. తల చదునుగా ఉంటే మంచిది. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా ఆ బోర్డు పక్కకే. 2వ తరం వాటిలో ఒక బోర్డు మీద నాలుగు ఉబ్బి కనిపించాయి. అది పోగా మిగిలినవి 19. ప్రతి దానికీ నంబరు స్టిక్కర్ అంటించి నోట్‌బుక్‌లో ఒక్కో పేజీ ఇచ్చాం. ఈ పేజీ లేకపోతే మూడో వారానికి ఏ సిస్టమ్‌కు ఏం మార్చామో ఎవరికీ గుర్తుండదు.

3వ రోజు: ముప్పై అయిదు రూపాయల బిళ్ల

19లో 7 తెర మీదికి రాలేదు. బీప్, బీప్, బీప్. ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్లను మామూలు రబ్బరుతో రుద్ది, గుడ్డతో తుడిచి మళ్లీ గుచ్చితే 5 లేచాయి. మిగతా రెండింట్లో ఒక స్లాట్ చచ్చిపోయింది. రెండో స్లాట్‌లో పెడితే సరిపోయింది.

13 సిస్టమ్స్ లేచాయి గానీ "ఎఫ్1 నొక్కండి" అని ఆగిపోతున్నాయి. తేదీ చూస్తే ఎప్పటిదో జనవరి 1. మదర్‌బోర్డు మీద ఉండే బిళ్ల బ్యాటరీ, సీఆర్2032, అయిపోయింది. మీటర్ పెడితే 2.1 వోల్టులు, 1.8 వోల్టులు. కొత్తది 3 వోల్టులకు కాస్త పైనే చూపిస్తుంది. మేం 2.7 కన్నా తగ్గితే మార్చేస్తున్నాం.

ఇది చిన్న సంగతి అనిపిస్తుంది. కానీ తేదీ తప్పితే బ్రౌజర్ ఏ సురక్షిత వెబ్‌సైటునీ తెరవదు. సైటు సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదనో గడువు తీరిందనో చెప్పి ఎర్ర పేజీ చూపిస్తుంది. పిల్లలేమో నెట్ రావట్లేదంటారు. ల్యాబ్ చూసుకునే మనిషి రౌటర్ ఆపి పెడతాడు, కేబుల్ మారుస్తాడు, చివరికి సిస్టమ్ పాడైందని గుడ్డ కప్పేస్తాడు. ఎన్నో బడుల్లో గుడ్డ కప్పిన కంప్యూటర్ల జబ్బు ఈ 35 రూపాయల బిళ్లే. 19కీ ఒకేసారి మార్చాం. 10 ఎక్కువ కొని పెట్టుకున్నాం.

ర్యామ్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. చవగ్గా దొరికే 8 జీబీ డీడీఆర్3 స్టిక్కుల్లో కొన్ని ఏఎండీ బోర్డుల కోసం మాత్రమే చేసినవి. ఇంటెల్ బోర్డులో గుచ్చితే తెర నల్లగానే ఉంటుంది. లేబుల్ మీద ఏఎండీ అని ఉందేమో చూసి కొనండి. మేం ఒకటి కొని చూసుకుని, మిగతా వాటికి వాడేసిన 4 జీబీ స్టిక్కులే తెచ్చాం. 4వ తరం వాటికి ఉన్న 4కు 4 కలిపితే 8 అయింది. 2వ తరం వాటికి ఉన్న 2కు 4 కలిపితే 6.

5వ రోజు: డిస్కులు తుడవడం

ఇచ్చినవాళ్ల ఫైళ్లు ఆ డిస్కుల్లోనే ఉన్నాయి. మామూలుగా చేసే క్విక్ ఫార్మాట్ కొడితే పోవు, పైపైన సూచిక మాత్రమే పోతుంది. మొత్తం డిస్కు మీద ఒక్కసారి సున్నాలు రాసేస్తే మామూలు హార్డ్‌డిస్క్‌కు చాలు. 500 జీబీ డిస్కుకు సెకనుకు 80 ఎంబీ చొప్పున గంటా ముప్పావు పట్టింది. డిస్కు తనను తాను తుడుచుకునే ఆదేశం కూడా ఉంటుంది కానీ, చాలా బోర్డులు బూట్ అవుతూనే దానికి తాళం వేసేస్తాయి. సిస్టమ్‌ను ఒకసారి నిద్రపుచ్చి లేపితే ఆ తాళం వదులుతుంది. ఈ కిటుకు తెలియక ఒక పూట వృథా అయింది.

తుడిచాక డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో రెండు వరుసలు చూస్తే సరిపోతుంది. ఒకటి మార్పిడి జరిగిన సెక్టార్లు, రెండోది పెండింగ్ సెక్టార్లు. రెండోది సున్నా కాకపోతే ఆ డిస్కు మీద నమ్మకం పెట్టుకోవద్దు. అలాంటివి 3 తేలాయి. డ్రిల్లుతో ప్లాటర్ దాకా రంధ్రం వేసి, రిజిస్టర్డ్ రీసైక్లర్‌కు ఇచ్చే పెట్టెలో వేశాం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత ఇనుము వ్యాపారికి అమ్మడం కుదరదు. తుడిచిన ప్రతి డిస్కు సీరియల్ నంబరు రాసి ఇచ్చినవాళ్లకు ఒక కాగితం పంపాం. రెండోసారి సిస్టమ్స్ ఇచ్చేటప్పుడు వాళ్లకు ధైర్యంగా ఉంటుంది.

19 సిస్టమ్స్‌కూ హార్డ్‌డిస్క్ బదులు, తిరిగే భాగాలు లేని 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేశాం. ఖర్చంతటిలో పెద్ద ముక్క ఇదే. డబ్బుకు తగిన ఫలితం కూడా ఇక్కడే కనిపించింది. 2వ తరం ఐ3 మీద లాగిన్ తెర రావడానికి ముందు రెండు నిమిషాలు దాటేది, ఇప్పుడు పాతిక సెకన్లు.

8వ రోజు: క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది

ఆరు సిస్టమ్స్ బల్ల మీద పెట్టి వెలిగించగానే ఇనుప బాడీ ముట్టుకున్నవాళ్లకు జిల్లుమంది. సాకెట్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటర్ పెడితే 38 వోల్టులు. రెండు మూడు వోల్టులు మించకూడదు.

కారణం ఇది. సిస్టమ్‌కు కరెంటు అందించే పెట్టె, ఎస్‌ఎంపీఎస్‌లో ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు బాడీకి కలిపి ఉంటాయి. ఎర్త్ సరిగా లేకపోతే బాడీ దాదాపు సగం వోల్టేజీ దగ్గర, 110-115 మధ్య తేలుతుంటుంది. ఒక్క సిస్టమ్ నుంచి వచ్చే కరెంటు అర మిల్లీ ఆంపియర్ లోపే, చురుక్కుమని ఊరుకుంటుంది. కానీ ఎర్త్ వైర్లన్నీ ఒకచోట కలిసి, ఆ చోటు భూమిలోకి దిగకుండా ఉంటే, అన్ని సిస్టమ్స్ లీకేజీ కూడుకుని ఒక్క మనిషి గుండా పోవాలని చూస్తుంది. ఆరింటికే ఇలా ఉంటే 19 వెలిగించి చూడాలన్న కోరిక ఎవరికీ కలగలేదు.

పాత ఎర్త్ పిట్ ఎక్కడుందో వెతికితే వైరు గోడ అవతల మట్టి మీదే తెగి పడి ఉంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో కొత్తది వేయించాం. 40 ఎం.ఎం. జీఐ పైపు రెండున్నర మీటర్లు, చుట్టూ పొరలు పొరలుగా బొగ్గు, ఉప్పు, పైన నీళ్లు పోయడానికి గరాటు. మర్నాడు కొలిస్తే 2 వోల్టులు. ఎండాకాలం వారానికోసారి రెండు బకెట్ల నీళ్లు పోయాలని గోడ మీద రాసి పెట్టాం. రాయకపోతే మే నెలలో మళ్లీ జిల్లుమంటుంది.

యూపీఎస్‌ల సంగతి. సిస్టమ్‌కొకటి పెట్టమని చాలామంది అంటారు. మేం పెట్టలేదు. 600 వీఏ యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఇక్కడి కోతలకు రెండేళ్లకు మించి రాదు. 19 బ్యాటరీలు ఒకేసారి మార్చే డబ్బు ఏ కాలేజీ దగ్గరా ఉండదు. అప్పుడు యూపీఎస్‌లు కుయ్ కుయ్ అంటూ మూలపడతాయి. సర్వర్‌కు, స్విచ్‌కు, రౌటర్‌కు మాత్రం ఒకటి పెట్టి, మిగతా సిస్టమ్స్‌లో టైపింగ్‌కు వాడే లిబ్రేఆఫీస్ దానంతట అదే సేవ్ చేసుకునే ఆటో-రికవరీని 10 నిమిషాల నుంచి 2 నిమిషాలకు దించాం. కరెంటు పోతే పోయేది రెండు నిమిషాల టైపింగే.

11వ రోజు: ఒక ఇమేజ్, రెండు చిక్కులు

విండోస్ బదులు వాడే ఉచిత లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈని ఒక సిస్టమ్‌లో పూర్తిగా సిద్ధం చేసి, ఆ డిస్కు నకలు (ఇమేజ్) తీసి, క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రాంతో మిగతా వాటికి దించడం ప్లాన్. మొదటి చిక్కు: మూల సిస్టమ్‌లో చేతికందిన 256 జీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టాం. తీసిన ఇమేజ్ 240 జీబీ డిస్కుల్లోకి దిగనని మొరాయించింది. లోపల డేటా 9 జీబీయే అయినా మూలం కన్నా గమ్యం చిన్నదైతే క్లోన్‌జిల్లా మామూలుగా ఒప్పుకోదు. అన్నిటికన్నా చిన్న డిస్కు మీద, 60 జీబీ పార్టిషన్‌లో చేసి, దించాక సాగదీయడం మేలు. రెండో చిక్కు: 4వ తరం వాటిని యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో, 2వ తరం వాటిని పాత పద్ధతిలో బూట్ చేస్తున్నాం. కాబట్టి రెండు ఇమేజ్‌లు. ఇమేజ్ తీసే ముందు సిస్టమ్ గుర్తింపు ఉండే మెషిన్ ఐడీ ఫైలు ఖాళీ చేయండి, దూరం నుంచి లాగిన్‌కు వాడే ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవులు తీసేయండి. లేకపోతే పంతొమ్మిదీ ఒకే పేరున్న కవలలైపోతాయి.

ఇక తెలుగు. పిల్లలకు ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించడం బాగా వచ్చు. అందుకని లినక్స్‌లో భాషల టైపింగ్ చూసుకునే ఐబస్‌లో, అలాగే పనిచేసే ఆర్‌టీఎస్ పద్ధతి పెట్టాం. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఒక్కటి చెబితే చాలు: చిన్న టీకి త, పెద్ద టీకి ట. దానితోపాటు నేరుగా తెలుగు అక్షరాల కీలున్న ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ కూడా పెట్టి, కోర్సులో అదే నేర్పుతున్నాం. మొదటి వారం పిల్లలు గొణుగుతారు. ఆరో వారానికి చూడకుండా కొడతారు. ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు డీ కీ మీద ఉంటుంది. వత్తు రావాలంటే అక్షరం, పొల్లు, అక్షరం. ఈ వరుస చేతికి పడితే పని అయిపోయినట్టే.

ఒక చిన్న ఇబ్బంది చాలామంది పట్టించుకోరు. "సాఫ్ట్‌వేర్" అని కొడదామంటే "సాఫ్ట్వేర్" అని వ వత్తు కిందికి దిగుతుంది. మధ్యలో కనిపించని విడదీత అక్షరం ఒకటి పడాలి. కీబోర్డు లేఅవుట్ ఆప్షన్లలో స్పేస్ కీ రెండో స్థాయికి ఈ అక్షరాన్ని ఇచ్చే ఏర్పాటు ఉంది. అది ఎంచుకున్నాక ఇన్‌స్క్రిప్ట్‌లో ఉన్నప్పుడు షిఫ్ట్ పట్టుకుని స్పేస్ కొడితే చాలు. బయోడేటాలో "హార్డ్వేర్" అని దిగబడకుండా ఉంటుంది.

ఊళ్లోని డీటీపీ షాపుల్లో ఇంకా అను ఫాంట్లే నడుస్తున్నాయి. అక్కడి ఫైలు ఇక్కడ తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల చెత్త కనిపిస్తుంది, ఎందుకంటే అది యూనికోడ్, అంటే అన్ని సిస్టమ్స్‌కూ అర్థమయ్యే ఉమ్మడి అక్షర పద్ధతి, కాదు. రెండూ ఎందుకు వేరో పిల్లలకు ఒక గంట క్లాసు పెట్టాం. డీటీపీ పనికి వెళ్లేవాళ్లకు అది కూడు పెట్టే విషయం.

ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా ఒక ఫాంట్ వేశాం. గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల ద్వారా వెలుగులోకి వచ్చిన గోండి లిపి 2018లో యూనికోడ్ 11లో చేరింది. నోటో అనే ఉచిత ఫాంట్ల కుటుంబంలో దానికి ఫాంట్ ఉంది. వేయకపోతే అంతా ఖాళీ డబ్బాలే. లిబ్రేఆఫీస్‌లో చక్కగా వస్తోంది. మామూలు లిపులకు దూరంగా, యూనికోడ్ పై అంతస్తులో ఉండే లిపి కాబట్టి కొన్ని పాత ప్రోగ్రాములు ఒక్కో అక్షరాన్ని రెండుగా లెక్కపెట్టి, బ్యాక్‌స్పేస్ కొడితే సగం చెరుపుతున్నాయి. ఏ ప్రోగ్రాములో ఇలా జరుగుతోందో పట్టిక రాస్తున్నాం.

చూపు లేని విద్యార్థుల కోసం 2, 3 నంబర్లలో తెర మీది అక్షరాలు చదివి వినిపించే ఓర్కా స్క్రీన్ రీడర్, దానికి ఈ-స్పీక్ తెలుగు గొంతు పెట్టాం. గొంతు మరమనిషిదే, అలవాటు పడాలి. ముందు ప్యానెల్ ఆడియో జాక్ పాత సిస్టమ్స్‌లో సాధారణంగా చచ్చి ఉంటుంది, వెనకదానికి ఎక్స్‌టెన్షన్ వేయండి. దీనికన్నా పెద్ద అడ్డంకి కాలేజీ సర్క్యులర్లే. అన్నీ ఫోన్‌తో తీసిన ఫొటోలు, పీడీఎఫ్ తొడుగులో. స్క్రీన్ రీడర్‌కు అందులో చదవడానికి అక్షరమే ఉండదు. ఫొటోలోంచి అక్షరాలు గుర్తుపట్టే టెసరాక్ట్‌ ప్రోగ్రాంతో తెలుగు అక్షరాలు తీస్తున్నాం కానీ తప్పులు దిద్దాలి. మొదటే టైపు చేసిన ఫైలు పెడితే ఈ పనే ఉండదని ఆఫీసుకు చెప్పాం.

15వ రోజు: తీగలు

24 పోర్టుల గిగాబిట్ స్విచ్, క్యాట్6 కేబుల్ ఒక పెట్టె, 305 మీటర్లు. ముందు తెచ్చిన పెట్టె మామూలు ధరలో సగానికే వచ్చింది. అనుమానమొచ్చి ఒక తీగను బ్లేడుతో గీకితే రాగి పూత కింద తెల్లగా అల్యూమినియం. క్రింప్ చేసేటప్పుడే విరుగుతుంది, దూరం పెరిగితే గిగాబిట్ కాస్తా 100కు పడిపోతుంది. వెనక్కి ఇచ్చేశాం. గీకి చూడడానికి పది సెకన్లు చాలు, కొట్టులోనే చూడండి.

నెట్ ఫైబర్ 100 ఎంబీపీఎస్. రోడ్డు తవ్వినప్పుడల్లా తెగుతుంది. అందుకని బయటి నెట్ మీద ఆధారం తగ్గించుకున్నాం. ఐ5ల్లో ఒకదాన్ని సర్వర్‌గా పెట్టి అప్‌డేట్లు దాచుకునే కాష్ నడుపుతున్నాం. ఒక సిస్టమ్‌కు 400 ఎంబీ చొప్పున పంతొమ్మిదింటికి 7.6 జీబీ లాగాల్సింది, ఇప్పుడు ఒక్కసారి 400తో సరిపోతోంది. అదే సర్వర్‌లో నెట్ లేకుండా నడిచే కివిక్స్ ద్వారా తెలుగు వికీపీడియా, అలాంటిదే కోలిబ్రీ ద్వారా పాఠాలు. ఫైబర్ తెగినా క్లాసు ఆగదు.

2020లో కొవిడ్ మూసివేతలప్పుడు అమెరికాలో చాలా కమ్యూనిటీ కాలేజీలు తమ వై-ఫైని కార్ల పార్కింగ్‌లోకి తిప్పాయి. పిల్లలు కార్లలో కూర్చుని పాఠాలు విన్నారు. మన పిల్లలకు కారు లేదు, వరండా ఉంది. వై-ఫై ఇచ్చే ఒక యాక్సెస్ పాయింట్‌ను కిటికీ పైన బయటికి చూసేలా బిగించి రాత్రి 8 వరకు ఉంచుతున్నాం. వీడియోలకు వేగం తగ్గించాం, ఫారాలకు కాదు. అక్కడి అనుభవంలో ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోవాలి. ఇంటి నెట్ బిల్లులో నెలకు 30 డాలర్ల వరకు భరించిన ప్రభుత్వ పథకం, 2.3 కోట్ల కుటుంబాలు చేరాక డబ్బు అయిపోయి 2024 జూన్ 1న ముగిసింది. విద్యార్థులకు రీచార్జి చేయిద్దామన్న ప్రతిపాదన మా దగ్గరా వచ్చింది. ఆ డబ్బు యాక్సెస్ పాయింట్‌కు, ఎర్త్ పిట్‌కు పెట్టాం. రీచార్జి నెల తిరిగేసరికి అయిపోతుంది.

22వ రోజు: మొదటి బ్యాచ్

ఫోన్‌తో పెరిగిన పిల్లలకు మౌస్ రెండు రోజుల్లో వస్తుంది. ఆలస్యంగా వచ్చేది "సేవ్". ఫోన్‌లో ఏదీ సేవ్ చేయనక్కర్లేదు, ఫైలు ఎక్కడుందో తెలుసుకోనక్కర్లేదు. ఇక్కడ రెండూ కావాలి. ఫోల్డర్ అంటే ఏమిటో బొమ్మ గీసి చెప్పడం కన్నా, గ్రంథాలయంలో బీరువా, అర, పుస్తకం చూపిస్తే తొందరగా ఎక్కింది.

మేం చేసిన తప్పు: అందరికీ గెస్ట్ లాగిన్ పెట్టాం. లాగౌట్ అవగానే గెస్ట్ సెషన్‌లోని ఫైళ్లన్నీ చెరిగిపోతాయి. రెండు గంటలు టైపు చేసిన రికార్డు ఒక విద్యార్థినికి అలా పోయింది. ఇప్పుడు తలుపు పక్కన నాలుగు సిస్టమ్స్ మాత్రమే గెస్ట్, అవి ఫారాల కోసం. వాట్సాప్, బ్యాంకు, ఆధార్ ఏది తెరిచినా బయటికి రాగానే తుడిచిపెట్టుకుపోతుంది. తర్వాత కూర్చున్నవాడికి అమ్మాయి చాట్ కనబడకూడదు కదా. మిగతా వాటిలో పేరుతో లాగిన్, ఫైళ్లు సర్వర్‌లో.

వేళలు కూడా మార్చాం. పది నుంచి ఐదు అని పెడితే అమ్మాయిలు రాలేదు. వాళ్ల బస్సు నాలుగున్నరకు, క్లాసులు అప్పటిదాకా. ఉదయం 8.30 నుంచి 9.45 వరకు తెరిచాక కుర్చీలు చాలట్లేదు.

29వ రోజు: ఓటీపీ బల్ల

స్కాలర్‌షిప్ రెన్యువల్, డిగ్రీ ప్రవేశాల పోర్టల్ దోస్త్, ఆధార్, బ్యాంకు, అన్నిటికీ ఓటీపీ కావాలి. తలుపు పక్క నాలుగు సిస్టమ్స్ దగ్గర ఒక్క రోజు కూర్చుంటే డిజిటల్ అంతరం అసలు ఎక్కడుందో కనిపిస్తుంది.

"ఓటీపీ మా బాపు ఫోన్‌కు పోయింది సార్."

"ఫోన్ చేసి అడుగమ్మా."

"బాపు చేన్ల ఉన్నడు సార్, ఆడ సిగ్నల్ రాదు."

పది నిమిషాల్లో ఓటీపీ గడువు తీరింది. మూడుసార్లు అడిగితే పోర్టల్ ఆ రోజుకు తాళం వేసింది. సిస్టమ్ బాగుంది, నెట్ ఉంది, పిల్లకు టైపింగ్ వచ్చు, అయినా పని కాలేదు. నోట్‌బుక్‌లో ఆమె పేరు ఎదురుగా "కాలేదు" అనే రాశాం.

ఇంతకన్నా కష్టమైనది నంబరే చేజారడం. పనుల్లేని నెలల్లో రీచార్జి మానేస్తారు. 90 రోజులు వాడని నంబరును కంపెనీ రద్దు చేసి తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఆధార్‌లో మాత్రం పాత నంబరే ఉంటుంది. ఓటీపీ ఎక్కడో ఎవరికో వెళుతుంది. ఆధార్ కేంద్రంలో నంబరు మార్చడానికి 2025 అక్టోబరు నుంచి 75 రూపాయలు. దానికి బస్సు ఛార్జీ, పోయిన ఒక రోజు కూలీ కలపాలి.

అందుకే ఇప్పుడు ఫారం తెరవకముందే ఒక కాగితం నింపిస్తున్నాం. ఆధార్‌లో ఉన్న నంబరు ఎవరిది, ఇప్పుడు ఆ ఫోన్ ఎక్కడుంది, రీచార్జి ఉందా. బ్యాంకు ఖాతా ఆధార్‌తో కలిసి ఉందా, లేకపోతే స్కాలర్‌షిప్ మంజూరైనా జమ కాదు. పదో తరగతి మెమో మీద పేరు, ఆధార్ మీద పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటేనా. ఈ చివరి ప్రశ్న దగ్గరే ఎక్కువమంది ఆగుతున్నారు. తెలుగులో ఆత్రం అనే ఇంటిపేరు ఎక్కడైనా ఆత్రమే. ఇంగ్లీషులో రాసేటప్పుడు టీ తర్వాత హెచ్ ఒకచోట ఉంటుంది, ఇంకోచోట ఉండదు. మడావి అనే ఇంటిపేరులో ఇంగ్లీషు 'ఏ' అక్షరం ఒకచోట ఒకటి, ఇంకోచోట రెండు. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనక. బడిలో మాస్టారు ఒకలా, ఆధార్ ఆపరేటర్ ఇంకోలా కొట్టిన ఆ ఒక్క అక్షరం పదేళ్ల తర్వాత ఇక్కడ గేటు వేస్తోంది.

నాన్న ఫోన్ చేనులో ఉండే ఇళ్లకు ఒక ఏర్పాటు చేశాం. ఫారం పనికి బుధవారం. ముందు రోజే ఇంట్లో చెప్పి ఫోన్ వెంట తెచ్చుకోవాలి, లేదా ఉదయం 8.30కి, నాన్న ఇంకా ఊళ్లోనే ఉండగా ఫారం తెరవాలి. అంతే, పెద్ద టెక్నాలజీ ఏం లేదు. మొదటి బుధవారం 14 మంది కూర్చుంటే 11 మంది ఫారం సమర్పించి వెళ్లారు. అంతకుముందు వారం 16లో 5.

ఫొటోల సంగతి కూడా ఇక్కడే. ఫోన్‌తో తీసినది 4 ఎంబీ ఉంటుంది. పోర్టల్ అడిగేది అందులో చాలా చిన్న వంతు, అదీ ఒక్కో పోర్టల్‌కు ఒక్కో హద్దు. ఫైలు మీద కుడి క్లిక్ కొడితే "50 కేబీ చేయి", "100 కేబీ చేయి" అని వచ్చేలా చిన్న స్క్రిప్ట్ పెట్టాం. బయట నెట్ సెంటర్‌లో ఈ పనికి ఇరవయ్యో ముప్పయ్యో తీసుకుంటారు.

47వ రోజు: 14వ నంబరు

మధ్యాహ్నం పూట మాత్రమే దానంతట అదే ఆగిపోతోంది. ర్యామ్ మార్చాం, ఎస్‌ఎంపీఎస్ మార్చాం, తేడా లేదు. వేడి చూస్తే ప్రాసెసర్ 97 డిగ్రీలు. ఇంటెల్ కూలర్ నాలుగు ప్లాస్టిక్ కాళ్లలో ఒకటి లోపలికి దిగి లాక్ అవ్వలేదు. పైనుంచి చూస్తే నాలుగూ ఒకేలా ఉంటాయి. బోర్డు వెనక్కి తిప్పి చూస్తే మూడు నల్ల ముళ్లే బయటికొచ్చి ఉన్నాయి. పాత పేస్టు స్పిరిట్‌తో తుడిచి, బియ్యపు గింజంత కొత్తది పెట్టి, ఎదురెదురు కాళ్లు ఒకేసారి టక్కుమనేదాకా నొక్కాం. ఇప్పుడు 58. దుమ్ము కొట్టినప్పుడు కూలర్ తీసింది మనమే కాబట్టి మిగతా 18 కూడా వెనక్కి తిప్పి చూశాం. 6వ నంబరుదీ ఇదే వరస.

చేయాల్సినవి: ఎర్త్ పిట్‌లో నీళ్లు. 9వ నంబరు కీబోర్డులో డీ కీ సరిగా పడట్లేదు, పొల్లు రావట్లేదని పిల్లలు మూడు రోజులుగా చెబుతున్నారు, మార్చాలి. ఆధార్ కేంద్రానికి వెళ్లిన ముగ్గురిలో ఇద్దరికి నంబరు మారినట్టు మెసేజ్ వచ్చింది. బుధవారం పొద్దున్నే వాళ్ల ఫారాలు తెరవాలి. మూడో అమ్మాయి మెసేజ్ ఇంకా రాలేదు.